డెల్టా పెరట్లో ఆపిల్ మొక్క: నాటవచ్చునా, మానుకోవాలా?

అంబాజీపేట పెరటితోట:
మా దొడ్డిలో కొబ్బరి నీడ పడని మూల ఒకటి ఖాళీగా ఉన్నది. అందులో ఆపిల్ వేయాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. కడియం వైపు విచారిస్తే ‘అన్నా’, ‘డోర్సెట్ గోల్డెన్’, ‘హెచ్‌ఆర్‌ఎంఎన్-99’ అనే ఆపిల్ రకాల అంటు మొక్కలు చూపించారు. వీటిలో మా నేలకు తగినదేదో పెద్దలు తెలుపగోరుతున్నాను.

విశ్రాంత ఉద్యానాధికారి:
ఏదీ తగదు. ఆపిల్ మొగ్గ నిద్ర వీడాలంటే శీతకాలంలో 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగలాలి. కాశ్మీరు డెలిషియస్ రకాలకు అది ఇంచుమించు 1000 గంటలు కాగా, ఇజ్రాయెల్‌లో రూపొందిన అన్నాకు, బహామాస్‌లో పుట్టిన డోర్సెట్ గోల్డెన్‌కు 300 లోపు చాలునంటారు. కోనసీమలో సంక్రాంతి వేకువన సైతం 15 డిగ్రీలకు దిగడమే అరుదైనప్పుడు, మూడు వందల మాట అటుంచి, మూడు గంటలైనా ఎక్కడినుండి తెస్తారు?

కడియపులంక నర్సరీదారు:
అధికారిగారు పుస్తకంలోని లెక్క చెప్పారు. హెచ్‌ఆర్‌ఎంఎన్-99ను ఎంపిక చేసిన హరిమన్ శర్మగారిది వేసవిలో 40 డిగ్రీల ఎండ కాసే బిలాస్‌పూర్ జిల్లా. ఆయనకు 2025లో పద్మశ్రీ ఊరకే ఇవ్వలేదు. తూర్పు జావాలోని బాటులో చలికాలమే లేకున్నా, కోత కాగానే ఆకు దూసి, కొమ్మలు వంచి, ఏడాదికి రెండు కాపులు తీస్తున్నారు.

విశ్రాంత ఉద్యానాధికారి:
బిలాస్‌పూర్ హిమాచల్‌ప్రదేశ్‌లో ఉన్నదనీ, అక్కడ జనవరి రాత్రులు 7 డిగ్రీల దిగువకు పోతాయనీ వ్రాయడం మరచినట్లున్నారు. బాటు తోటలు సుమారు 800 మీటర్ల ఎత్తుకు పైబడినవి. అంబాజీపేట ఎంత ఎత్తున ఉన్నదో తమరే సెలవివ్వండి.

లంకవాసి:
మా లంకలో గోదావరి వస్తే అరటికే దిక్కు ఉండదు. మీరు ఆపిల్‌కు ముహూర్తం పెడుతున్నారు.

పాలకొల్లు గృహిణి:
చూసి చెబుతున్నాను. మా మొక్కకు కొమ్మ కొసనున్న మొగ్గ ఒక్కటే విచ్చుకుంటుంది. దాని కింద మూరెడు మేర కణుపులు ముడుచుకుని బోడిగా ఉండిపోతాయి. మే నెలలో ఆకుల అంచులు మాడి, ముట్టుకుంటే పొడి రాలుతుంది. పువ్వు ముఖమే చూడలేదని అమ్మినవారిని నిలదీస్తే, పుప్పొడికి జత మొక్క కొనమన్నారు. అన్నాకు డోర్సెట్ గోల్డెన్ తోడుంటే కాయ నిలుస్తుందన్నది నిజమే కావచ్చును గానీ, పూయని చెట్టుకు పుప్పొడి దేనికండీ?

రావులపాలెం తోటమాలి:
అందరూ చలి గురించే తగవులాడుతున్నారు. నీటి ఊసే లేదు. మన నల్లరేగడిలో శ్రావణమాసంలో గొయ్యి తీస్తే మూరెడు లోతుకే ఊట వస్తుంది. ఆపిల్ వేరు నిలువ నీటిని ఓర్వదు, మొదలు కుళ్లిపోతుంది. నాటే పక్షంలో రెండడుగుల దిబ్బ పోసి, అంటు కట్టిన చోటు మట్టికి నాలుగు వేళ్ల పైన ఉండేలా నాటండి. రూట్‌స్టాక్, అంటే అంటుకు వేరునిచ్చే అడుగు మొక్క, పేరు అడగండి; ఎంఎం-106కు ఈ కుళ్లు త్వరగా సోకుతుంది, ఎంఎం-111 కొంత నయం. గింజ మొక్కను మాత్రం ముట్టవద్దు.

కడియపులంక నర్సరీదారు:
ఒకరి మొక్క పూయకపోతే నర్సరీలందరినీ దొంగలను చేయడం న్యాయమా? మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది బస్తాలు నింపుకోవడానికి రారు. మనుమడికి చూపించాలనీ, వీధిలో ఎవరికీ లేని చెట్టు తమకుండాలనీ కొంటారు. పెరడన్నాక ప్రతి మొక్కా కాపుతో లెక్క అప్పగించాలా? మీకు ఇష్టం లేనిది ఆపిల్ కాదు, జనం ముచ్చట.

విశ్రాంత ఉద్యానాధికారి:
ముచ్చటకు నాకేమీ అభ్యంతరం లేదు. క్రోటన్‌ను ముచ్చటకే అమ్ముతారు, కొంటారు. అయితే మొక్క మెడకు ఎర్రని గుత్తుల బొమ్మ కట్టి అమ్మేవారు ముచ్చటను కాక కాయను అమ్ముతున్నారు. ఇంతసేపూ నా పేచీ దానితోనే.

అంబాజీపేట పెరటితోట:
నర్సరీదారుగారూ, రకం పేరూ, రూట్‌స్టాక్ పేరూ, డెల్టాలో కాపుకు హామీ లేదన్న ముక్కా రసీదు మీద వ్రాసి ఇస్తారా? ఇస్తే దిబ్బ పోసి అన్నా, డోర్సెట్ జతగా నాటుతాను.

కడియపులంక నర్సరీదారు:
మొదటి రెండూ వ్రాస్తాను. మూడవది నోటితో చెబుతాను.

అంబాజీపేట పెరటితోట:
అయితే ఆ మూలకు జామ తెచ్చుకుంటాను. మా అబ్బాయికి నేను చెప్పుకుంటాను.