కారమెల్ ఆపిల్ చేస్తే పాకం కిందికి జారిపోతోంది, ఎవరైనా చెప్పగలరా?

జేజి, కర్నూలు:

అందరికీ నమస్కారం. మా కొడుకు కుటుంబం మొన్న జూన్‌లో అమెరికా వదిలి కర్నూలుకి వచ్చేసింది. మనవరాలికి ఎనిమిదేళ్లు. బడి, ఎండ, తెలుగు అన్నిటికీ అలవాటు పడింది గానీ, అక్టోబర్ వచ్చినప్పటి నుంచి దిగులుగా ఉంటోంది. 31న అక్కడ హాలోవీన్. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి చాక్లెట్లు తెచ్చుకుంటారట. ఏం కావాలి తల్లీ అని అడిగితే ఒక్కటే చెప్పింది: పుల్ల గుచ్చిన కారమెల్ ఆపిల్.

నేనెప్పుడూ చూడలేదు, ఫోన్‌లో చూపించింది. పాలు, వెన్న వేసి కాచిన పాకంలో ఆపిల్‌ని ముంచి ఆరబెట్టడమే. నలభై ఏళ్లుగా అరిసెలు, పల్లీ ఉండలు చేస్తున్నాను కాబట్టి పాకం నాకు కొత్త కాదు. అయినా రెండుసార్లు చెడిపోయింది.

మొదటిసారి ఫ్రిజ్‌లోంచి ఆపిళ్లు తీసి, కడిగి, తుడిచి ముంచాను. పైకి ఎత్తినప్పుడు చక్కగా పట్టింది. స్టీలు పళ్లెంలో పెట్టి స్టవ్ కట్టేసి వచ్చేలోపు పాకమంతా మెల్లగా జారి అడుగున మడుగు కట్టింది. పైన ఎర్రటి తొక్క బయటపడింది. పళ్లేనికి అంటుకున్నదాన్ని అట్లకాడతో గీకాల్సి వచ్చింది.

పాకం పలచనైందేమో అని రెండోసారి ఇంకా ముదరనిచ్చాను. జారలేదు, కానీ ఆరాక రాయిలా అయింది. పిల్లకి ఒక పన్ను ఊగుతోంది. కొరకగానే నొప్పి పుట్టి ఏడ్చింది. ఆ ఏడుపు పన్ను కోసమే కాదని నాకు తెలుసు, అందుకే ఇది ఎలాగైనా కుదరాలి.

నేను వాడినవి పంచదార, మిల్క్‌మెయిడ్, వెన్న. థర్మామీటర్ లేదు. వీడియోల్లో అందరూ 118 డిగ్రీలు అంటున్నారు. అది మన పాకం లెక్కలో ఎంతో చెప్పండి. ఇంకో సంగతి, మా కోడలికి ఆరో నెల. తనకీ ఇదంటే ఇష్టం. తినొచ్చా? పది రోజులే ఉంది.

బేకరీ పనివాడు, అనంతపురం:

పెద్దమ్మా, మొదటిసారి తప్పు పాకానిది కాదు, ఆపిల్‌ది. దుకాణంలో మెరిసే ఆపిళ్లకి పైన సన్నటి మైనం పూత ఉంటుంది. దాని మీద పాకం నిలవదు. పైగా ఫ్రిజ్‌లోంచి తీసిన కాయకి కాసేపట్లో చెమట పడుతుంది. మరిగే నీళ్లలో చెంచాడు వెనిగర్ వేసి, ఒక్కో కాయని పది సెకన్లు ముంచి తీసి, గరుకు బట్టతో గట్టిగా రుద్దండి. మైనం బట్టకి తెల్లగా అంటుతుంది. తర్వాత కనీసం రెండు గంటలు బయటే ఆరనివ్వండి. తొడిమ గుంటలో నీళ్లు నిలుస్తాయి, అక్కడ ప్రత్యేకంగా చూడండి.

ఇక పాకం. 112 నుంచి 116 డిగ్రీలు మెత్తటి ఉండపాకం. 118 నుంచి 121 గట్టి ఉండపాకం, మీకు కావాల్సింది ఇదే. 146 దాటితే పల్లీ చిక్కీ పాకం, నీళ్లలో వేస్తే టప్పున విరుగుతుంది. రెండోసారి మీ చెయ్యి అలవాటు కొద్దీ అటువైపు వెళ్లిపోయింది.

గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకుని, మంట పూర్తిగా తగ్గించి, అర చెంచా పాకం వేయండి. వేళ్లతో పోగు చేస్తే ఉండ కట్టాలి. ఆ ఉండని పళ్లెంలో పెడితే కూలిపోకుండా నిలబడాలి, వేలితో నొక్కితే మాత్రం లొంగాలి. పెట్టగానే చదునైపోతే ఇంకో నిమిషం కాచండి. ఈ నిమిషాల్లో స్టవ్ దగ్గర నుంచి కదలొద్దు.

మిల్క్‌మెయిడ్ త్వరగా అడుగంటుతుంది. నేనైతే క్రీమ్ వాడతాను. ఆరు చిన్న ఆపిళ్లకి పంచదార 250 గ్రాములు, ఫ్రెష్ క్రీమ్ 200 మిల్లీలీటర్లు, వెన్న 50 గ్రాములు, లిక్విడ్ గ్లూకోజ్ రెండు పెద్ద చెంచాలు. గ్లూకోజ్ మానొద్దు, అది లేకపోతే పంచదార మళ్లీ పలుకు కడుతుంది. కేకు సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. పంచదార తేనె రంగుకి వచ్చాక గోరువెచ్చటి క్రీమ్ కొంచెం కొంచెంగా పోయండి. భగ్గున పొంగుతుంది, లోతైన గిన్నె పెట్టుకోండి, పిల్లని దూరంగా ఉంచండి. పాకం దించాక బుడగలు తగ్గేదాకా ఆగి ముంచండి. మరీ వేడిగా ఉంటే కూడా జారుతుంది.

కడప ఆడపడుచు, ఒహాయో:

అమ్మా, నేను ఇక్కడ ఏటా చేస్తాను. ఆపిల్ చిన్నదిగా, గట్టిగా, పుల్లగా ఉండాలి. ఇక్కడ ఎక్కువమంది గ్రానీ స్మిత్ వాడతారు, మన దగ్గర గ్రీన్ ఆపిల్ అని అమ్మేది అదే. ఆ పులుపు లేకపోతే రెండో ముక్కకే వెగటు పుడుతుంది. పళ్లెంలో బటర్ పేపర్ వేసి నెయ్యి రాయండి, గీకే పని ఉండదు.

మీ కోడలి గురించి మాత్రం గట్టిగా చెప్తాను. 2014 చివర్లో ఇక్కడ ప్యాక్ చేసి అమ్మిన కారమెల్ ఆపిళ్ల వల్ల 12 రాష్ట్రాల్లో 35 మందికి లిస్టీరియా అనే సూక్ష్మజీవి సోకింది. అందులో 11 కేసులు గర్భానికి సంబంధించినవి. పుల్ల గుచ్చినప్పుడు ఆపిల్ రసం పైకి వచ్చి తొక్కకీ పాకానికీ మధ్య చేరుతుంది, తొక్క మీద ఆ సూక్ష్మజీవి ఉంటే ఆ తడిలో పెరుగుతుంది. పుల్ల గుచ్చి బయట ఉంచిన వాటిలోనే అది వేగంగా పెరిగిందని విస్కాన్సిన్ పరిశోధకులు 2015లో చూపించారు. ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పెరుగుతుంది. అందుకని కోడలికి పుల్ల గుచ్చినది వద్దు. ఆపిల్ బాగా కడిగి, అప్పటికప్పుడు కోసి, వేడి కారమెల్‌లో అద్దుకుని వెంటనే తినమనండి. మిగతావాళ్లకి కూడా చేసిన రోజే, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి.

వెంకాయపల్లె వాసి:

సి.క్యాంప్ రైతు బజారులో గ్రీన్ ఆపిల్ చూసిన గుర్తు లేదు వదినా, సూపర్ మార్కెట్‌లో అడగండి. దొరక్కపోతే దోర జామకాయ. పోయిన ఏడాది మా పిల్లలకి దాంతోనే చేశాను. మైనం ఉండదు, వగరు ఉంటుంది, పాకం బాగా పట్టింది. పండిపోయింది మాత్రం వద్దు, పుల్ల నిలవదు.

జేజి, కర్నూలు (నవంబర్ 1):

అందరికీ పేరు పేరునా నమస్కారం. నిన్న చేశాను. ఆరింటిలో అయిదు బాగా వచ్చాయి.

గ్రీన్ ఆపిల్ నాలుగే దొరికాయి, రెండు జామకాయలు కలిపాను. వేడినీళ్లలో ముంచి రుద్దితే బట్టకి నిజంగానే తెల్లటి పొర వచ్చింది. అది ఇన్నేళ్లూ తిన్నామా అని మనసు ఎలాగో అయింది. క్రీమ్ పోసినప్పుడు పొంగు గిన్నె అంచు దాకా వచ్చి ఆగింది. మూడోసారి నీళ్లలో వేసిన ఉండ పళ్లెంలో నిలబడింది, నొక్కితే వేలి గుర్తు పడింది. వెంటనే దించేశాను.

మునిగిన కాయని గిన్నె మీదే తిప్పుతూ ఉంటే పాకం అంతటా సమంగా పరుచుకుంది. అడుగుభాగాన్ని వేయించి కచ్చాపచ్చాగా దంచిన బుడ్డల్లో (పల్లీల్లో) అద్దాను. దాంతో పళ్లేనికి అంటుకోలేదు. చెడిపోయింది ఒక ఆపిల్, తొడిమ గుంటలో తడి మిగిలినట్టుంది, ఒక పక్క మొత్తం ఊడి వచ్చింది.

పిల్ల దుప్పటి కప్పుకుని దయ్యంలా వంటింట్లోకి వచ్చింది. ఆపిల్ తీసుకుని ముందు అడుగున ఉన్న బుడ్డలన్నీ కొరికి, తర్వాత పుల్ల పట్టుకుని వీధి గుమ్మంలో కూర్చుని చీకటి పడేదాకా తిన్నది. పన్ను కూడా అందులోనే ఊడింది, ఈసారి ఏడవలేదు. కోడలికి అప్పుడే కోసిన ముక్కలు ఇచ్చాను, కారమెల్ వేడిగా ఉండగానే తినేసింది.

అరకప్పు పాకం గిన్నెలో గట్టిపడి మిగిలింది. దాన్ని మళ్లీ కరిగించొచ్చా?

బేకరీ పనివాడు, అనంతపురం:

కరిగించొచ్చు పెద్దమ్మా. రెండు చెంచాల పాలు పోసి సన్నమంట మీద కలుపుతూ ఉండండి, పలచగా అయ్యాక దించి దోశ మీద వేసుకోండి.