బ్యాట్‌మ్యాన్ స్వగతం తెరమీద ఏమవుతోంది?

కావలి పాఠకుడు:
ఫ్రాంక్ మిల్లర్ 1986లో వెలువరించిన ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ అనే బ్యాట్‌మ్యాన్ కామిక్ (బొమ్మల కథ) నాలుగు సంచికలూ చదివాక, 2012, 2013లలో రెండు భాగాలుగా వచ్చిన దాని యానిమేషన్ చిత్రాన్ని చూశాను. సంఘటనలు చాలావరకు యథాతథంగానే ఉన్నాయి. అయితే 55 ఏళ్ల బ్యాట్‌మ్యాన్ తనలో తాను అనుకునే మాటలను దాదాపు పూర్తిగా తీసివేయడంతో, దెబ్బలు తింటూ తన వయసుతో తానే తగవుపడే మనిషి మరుగునపడి, వీరుడొక్కడే మిగిలాడనిపించింది. పుస్తకమూ చిత్రమూ రెండూ ఎరిగినవారు తమ అనుభవం తెలియజేయగలరు.

ఒంగోలు ప్రేక్షకుడు:
స్వగతాన్ని ఉంచినంత మాత్రాన సమస్య తీరదండీ. మిల్లర్ రచనకు డేవిడ్ మాజుకెల్లి బొమ్మలు వేసిన ‘బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్’ 1987 నాటిది, 2011లో చిత్రమైంది. అందులో పోలీసు అధికారి గోర్డన్ ఆలోచనలను బ్రయాన్ క్రాన్‌స్టన్ గొంతులో వినిపించారు. గొంతు బాగుంది. కానీ గోర్డన్ అలసట ముఖంలో కనిపిస్తూ ఉండగానే అదే సంగతి చెవికి కూడా చెప్పడం కొన్నిచోట్ల నాకు బరువుగా తోచింది. కాగితం మీద బొమ్మను ముందు చూసి మాటను తరువాత చదువుకునే వీలుంది. తెరమీద రెండూ ఒక్కసారే వచ్చి పడతాయి.

ఆత్మకూరు డ్రాయింగు మాస్టారు:
నాకు మాటల కన్నా ఆగిపోయిన క్షణాలే ముఖ్యం. గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వైట్‌లీల ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’ 12 సంచికలను 2011లో గంటంబావు చిత్రంగా కుదించినప్పుడు, భవనం అంచున నిలబడి ప్రాణం తీసుకోబోతున్న అమ్మాయిని సూపర్‌మ్యాన్ పలకరించి, దగ్గరకు తీసుకునే ఒకే ఒక్క పేజీని వదిలేశారు. కథ నడవడానికి ఆ పేజీ అవసరం లేదన్నది నిజమే. అయినా పుస్తకం మూసిన తరువాత మనసులో నిలిచేది అదే. బడిలో పిల్లలకు ఆ పేజీ చూపించినప్పుడు, ఎప్పుడూ అల్లరి చేసే వెనుక బెంచీ వారు కూడా దాన్ని మళ్లీ చూపించమన్నారు.

చీమకుర్తి యానిమేటరు (ప్రస్తుతం హైదరాబాదు):
మాస్టారు గారూ, వృత్తిరీత్యా ఒక మాట. పుస్తకంలో ఒక గడి ముందు ఎంతసేపు ఆగాలో పాఠకుడే నిర్ణయించుకుంటాడు. మేము ఆ నిర్ణయాన్ని సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ముందే చేసేయాలి. 2018 నాటి ‘స్పైడర్-మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్-వర్స్’ బృందం దీనినే బలంగా మలచుకుంది. మొదట్లో కథానాయకుడు మైల్స్ కదలికలను చాలాచోట్ల ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు నిలిపి చూపించడం వల్ల అతని తడబాటు కంటికే తెలుస్తుంది. కామిక్ పుస్తకాల్లో కనిపించే అచ్చు చుక్కలు, మాటల పెట్టెలు కూడా తెరమీద ఉంటాయి. ఏదో ఒక సంచికను పేజీ పేజీగా అనుసరించలేదు గనుకనే వారికి ఆ స్వేచ్ఛ దక్కిందని నా అభిప్రాయం.

కావలి పాఠకుడు:
స్వేచ్ఛ ఎటైనా పోవచ్చు. 1988లో వచ్చిన ‘ది కిల్లింగ్ జోక్’ యాభై పేజీలు కూడా లేని బ్యాట్‌మ్యాన్ కామిక్ పుస్తకం. 2016 చిత్రంలో నిడివి కోసం ముందు దాదాపు అరగంట బ్యాట్‌గర్ల్ కథను చేర్చారు. ఆమెకు ప్రాధాన్యం ఇవ్వాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ బ్యాట్‌మ్యాన్‌తో ఆమెకు కల్పించిన శారీరక సంబంధం వల్ల, తరువాత బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ ఆమెను కాల్చే ఘట్టానికి పుస్తకంలో ఉన్న ఆకస్మిక క్రౌర్యం పలచబడింది.

ఒంగోలు ప్రేక్షకుడు:
ఆ చేర్పు విషయంలో మీతో ఏకీభవిస్తాను. అసలు కథ మొదలయ్యే చోటి నుంచి చూస్తే మాత్రం, మార్క్ హామిల్ జోకర్ గొంతు కోసమైనా ఆ చిత్రాన్ని తోసిపుచ్చలేను.