గుర్రపుడెక్క బుట్టలతో కొల్లేరు బాగుపడుతుందా?

ప్రశ్న

కొల్లేరులోనూ డెల్టా కాలువల్లోనూ దట్టంగా పరచుకున్న గుర్రపుడెక్క అనే తేలే కలుపు మొక్కను కోయించి, ఎండిన కాడలతో బుట్టలు, సంచులు అల్లే శిక్షణకే ప్రభుత్వం ఖర్చు పెట్టాలని, తుంగ చాపలకు, నీటి ఒడ్డున పెరిగే జమ్ము గడ్డి అల్లికలకు కాలం చెల్లిందని నా అభిప్రాయం. నీరూ తేటపడుతుంది, మహిళలకు ఆదాయమూ వస్తుంది. ఒప్పుకోనివారు కారణాలతో రాయగలరు.

మొదటి జవాబు

ఆదాయం సంగతి ఒప్పుకుంటాను. నీరు తేటపడుతుందన్న మాటను ఒప్పుకోలేను. గుర్రపుడెక్కలో 90 శాతానికి పైగా నీరే కనుక, పడవ నిండా కోసి ఒడ్డుకు చేర్చినా ఎండిన తరువాత మిగిలేది కొద్దిపాటి పీచే, అందులోనూ అల్లికకు పనికివచ్చేవి పొడవాటి కాడలు మాత్రమే. అనుకూలమైన నీటిలో ఈ మొక్క సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుంది, దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. గువాహటి దగ్గరి దీపోర్ బీల్ సరస్సు ఒడ్డున మహిళలు దీనితో యోగా చాపలు నేసి పేరు తెచ్చుకున్నారు, ఆ నైపుణ్యానికి నమస్కరించవలసిందే. అయితే పొలాల ఎరువులు, చేపల చెరువుల నీరు, పట్టణాల మురుగు కాలువల మీదుగా, బుడమేరు, తమ్మిలేరు వాగుల మీదుగా కొల్లేరులోకి చేరుతున్నంత కాలం, ఎందరు ఎన్ని బుట్టలల్లినా ఆ పెరుగుదలను అందుకోలేరు. పైగా ఈ మొక్క నీటిలోని భారలోహాలను పీల్చుకుంటుంది కనుక, ఏ కాలువలో కోశారన్నది కూడా చూసుకోవాలి.

రెండో జవాబు

తుంగకూ జమ్ముకూ కాలం చెల్లిందన్న మాట నాకు బాధ కలిగించింది. తమిళనాడులోని పత్తమడై చాపకూ, బెంగాల్‌లోని మాదుర్ కాఠి చాపకూ భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. ఆ రెండూ తుంగ జాతి మొక్కలతో నేసినవే. పచ్చి కాడను నిలువునా చీల్చి, లోపలి మెత్తని గుజ్జు తీసి, ఎండబెట్టి, నూలు లేదా జనపనార పడుగు మీద పేకగా వేసి నేయడమంటే సామాన్యమైన విద్య కాదు. కిక్కిస అనే రెల్లులాంటి నీటి గడ్డి ఇంటి కప్పుకూ తడికలకూ పనికివస్తుంది. జమ్మునైతే పూత రాకముందే కోసి నీడన ఆరబెట్టి, అల్లే ముందు తడిపి మెత్తబరచాలి. నీటి మట్టానికి పైన కోస్తే అది మళ్లీ చిగురిస్తుంది, నీటి అడుగున కోస్తే వేళ్లకు గాలి అందక చచ్చిపోతుంది. ఎక్కడ ఉంచాలో, ఎక్కడ తీసేయాలో నిర్ణయించే శక్తి ఆ కొడవలి పట్టినవారి చేతిలో ఉందన్నమాట. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపు; జమ్ము, కిక్కిస మన నీటికోళ్లు గూళ్లు కట్టుకునే పొదలు.

చట్టం సంగతి కూడా చూడాలి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం, అభయారణ్యం లోపల అనుమతి లేకుండా వనోత్పత్తులను తీసుకుపోకూడదు. పక్షులు గూళ్లు కట్టే నెలలను మినహాయించి, ఒడ్డు గ్రామాలవారికి జమ్ము కోతకు ఏటా అనుమతి ఇచ్చే పద్ధతిని మనం అడగాలి.

ప్రశ్న వేసినవారు

అనుమతులకు ఏళ్లు పట్టవచ్చు. గుర్రపుడెక్క కోతకు ఎవరూ అడ్డుచెప్పరు. ఈలోగా పని కావలసినవారు ఏం చేయాలి?

రెండో జవాబు రాసినవారు

గుర్రపుడెక్క శిక్షణ ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. అభయారణ్యం వెలుపల కాలువ గట్ల తుంగకు ఈ చట్టపు అనుమతి అక్కరలేదు కనుక, అదే శిబిరంలో చాప నేతనూ నేర్పించండి. కలుపు తొలగింపు ఖర్చును మాత్రం బుట్టల లాభం మీద మోపకుండా కాలువల నిర్వహణ నిధుల నుంచే పెట్టాలి, అల్లికకు రాని ఆకులనూ వేళ్లనూ గట్టు మీద కుళ్లబెట్టకుండా కంపోస్టుకు తరలించాలి.