'రోబస్ట్' అంటే అసలు అర్థం ఏంటి?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు): డిజైన్ మీటింగుల్లో "ఇది రోబస్ట్‌గా ఉండాలి" అంటుంటారు. స్ట్రాంగ్ అంటే సరిపోదా? రోబోకీ దీనికీ చుట్టరికం ఉందా?

జవాబు 1: రోబోతో ఏ చుట్టరికమూ లేదండి. అది చెక్ భాషలో వెట్టిచాకిరీ అనే అర్థమున్న 'రొబోతా' నుంచి వచ్చింది. ఇది లాటిన్ 'రోబుర్' నుంచి: ముందు ఓక్ చెట్టు, దాని గట్టి కలప, ఆపైన బలం. ఒక రకం ఓక్ శాస్త్రీయ నామం 'క్వెర్కస్ రోబుర్'లో ఆ మాట ఇప్పటికీ ఉంది. మన 'చేవ' కూడా అంతే కదా! మాను నడిమి ముదురు కలపా అదే, మనిషి సత్తువా అదే. సాక్ష్యంతో బలపరచడం అనే 'కరాబరేట్' కూడా ఈ వేరుదే.

జవాబు 2: స్ట్రాంగ్ అంటే ఎంత బలమో, రోబస్ట్ అంటే అనుకోనిది ఎదురైనా ఎంత నిలబడుతుందో. వయసు అడిగిన చోట "ఇరవై" అని అక్షరాల్లో కొట్టినా ప్రోగ్రాం కూలిపోకుండా మళ్ళీ అడిగితే, అది రోబస్ట్. పాస్‌వర్డ్‌ని మాత్రం స్ట్రాంగ్ అనే అనండి. పలికేటప్పుడు ఒత్తు 'బస్ట్' మీద పడాలి.

జవాబు 3: ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే రోబస్టా గింజ పేరూ ఇదేనండి. ఆకు తుప్పు తెగులును అరబికా అనే మరో కాఫీ రకం కన్నా బాగా తట్టుకుంటుంది, కెఫీన్ దాదాపు రెట్టింపు. హోటల్లో "స్ట్రాంగ్ కాఫీ" అని అడిగేది మాత్రం డికాక్షన్ చిక్కదనం గురించి, అది వేరే లెక్క.