బ్రస్సెల్స్‌లో హక్కుల లాయర్లు లాబీయింగ్ ఎలా చేస్తారు? మన రొయ్యల ప్లాంట్ల వాళ్లకి ఏమైనా పనికొస్తుందా?

వైజాగ్_జూనియర్:

అందరికీ నమస్తే. నేను వైజాగ్‌లో లేబర్ కేసులు చూసే ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేస్తున్నా. మా ఆఫీసుకి రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఆడవాళ్లు వస్తుంటారు, శ్రీకాకుళం వైపు నుంచి కొంతమంది, ఒడిశా నుంచి కొంతమంది, చాలామంది ప్లాంటు వాళ్లిచ్చిన హాస్టల్‌లోనే ఉంటారు. అడ్వాన్స్ తీరలేదని పండక్కి కూడా ఊరు పంపకపోవడం, జీతంలో పీఎఫ్ కోసి అది కట్టకపోవడం, రాత్రి షిఫ్టుకి ఓటీ ఇవ్వకపోవడం, ఇవే కంప్లైంట్లు. ఇక్కడ చేయాల్సింది మేం చేస్తూనే ఉన్నాం, లేబర్ ఆఫీసుకి పిటిషన్లు పెడుతున్నాం, అక్కడ వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి.

ఈమధ్య చదువుతుంటే యూరప్‌లో మానవ హక్కుల లీగల్ గ్రూపులు కొన్ని బ్రస్సెల్స్‌లో ఆఫీసులు పెట్టుకుని యూరోపియన్ యూనియన్ వాళ్లతో చట్టాలే మార్పిస్తున్నారని తెలిసింది. మన రొయ్యలు అక్కడికీ వెళ్తున్నాయి కదా, అందుకే అడుగుతున్నా. అసలు వీళ్లు రోజువారీ చేసే పని ఏంటి, ఎవర్ని కలుస్తారు, వైజాగ్ నుంచి మనం ఇచ్చే సమాచారానికి అక్కడ ఏమన్నా విలువ ఉంటుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్. మా సీనియర్ గారేమో యూరప్ మానవ హక్కుల కోర్టుకి వెయ్యొచ్చేమో చూడమన్నారు, అది కూడా చెప్పండి.

సబ్బవరం_బ్యాచ్:

తమ్ముడూ, నేను సబ్బవరం లా యూనివర్సిటీలో చదివి తర్వాత యూరప్‌లో మాస్టర్స్ చేసి ఇలాంటి ఒక గ్రూపులో కొంతకాలం పనిచేశా, పెద్ద పోస్టు కాదు గానీ ఫైళ్లు మోసిన దగ్గర్నుంచి మీటింగ్‌లో నోట్స్ రాసేదాకా అన్నీ చూశా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు మీ సీనియర్ గారి మాట. స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న మానవ హక్కుల కోర్టు యూరోపియన్ యూనియన్‌ది కాదు, కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థది. యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో 27 దేశాలుంటే కౌన్సిల్ ఆఫ్ యూరప్‌లో 46, రష్యాని 2022లో తీసేశారు. ఆ 46లో ఏదో ఒక దేశం మీదే కేసు వేయాలి, మన ప్రభుత్వం మీదా మన ప్లాంటు ఓనర్ మీదా అక్కడ వెయ్యలేం. హక్కుల గ్రూపులు ఆ కోర్టులో వేరేలా పనిచేస్తాయి, ఎవరిదో కేసు నడుస్తుంటే కోర్టు అనుమతి తీసుకుని మూడో పక్షంగా లిఖితపూర్వకంగా వాదన పెడతాయి. తీర్పు వచ్చాక ఆ దేశం అమలు చేయట్లేదంటే కౌన్సిల్ ఆఫ్ యూరప్ మంత్రుల కమిటీకి రిపోర్టు పంపుతాయి. చాలామంది ఈ రెండో పని పట్టించుకోరు గానీ నా ఉద్దేశంలో అసలు ఫలితం అక్కడే ఉంటుంది, గెలిచిన తీర్పు అమలవ్వకపోతే ఏం లాభం చెప్పు.

ఇప్పుడు బ్రస్సెల్స్. అక్కడ చట్టం ప్రతిపాదించేది కమిషన్, దాన్ని మార్చి ఆమోదించేది పార్లమెంటు, ఇంకా సభ్యదేశాల మంత్రులుండే కౌన్సిల్ (ఇది ఈయూదే, పైన చెప్పిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ వేరు). లాబీయింగ్ అంటే ఏదో పెద్ద హోటల్లో డిన్నర్ అనుకుంటాం కానీ హక్కుల గ్రూపుల పని తొంభై శాతం కాగితం పనే. కమిషన్ ఒక చట్టం రాయాలనుకున్నప్పుడు ముందు ప్రజల అభిప్రాయం అడుగుతుంది, ఆన్‌లైన్ పోర్టల్‌లో, ఏ దేశం నుంచైనా పంపొచ్చు. ఆ టైములో ఆధారాలతో పంపినవాళ్ల మాట డ్రాఫ్టులోకి వెళ్లే అవకాశం ఎక్కువ. తర్వాత పార్లమెంటులో ఆ ఫైలు బాధ్యత చూడటానికి ర్యాపోర్టర్ అని ఒక ఎంపీని పెడతారు, అదే ఫైలుని మిగతా పార్టీల తరఫున చూసే ఎంపీలు కూడా ఉంటారు, వాళ్లని షాడోలు అంటారు. లీగల్ గ్రూపు వాళ్లు ఈ ఎంపీల దగ్గరకీ, అంతకన్నా ముఖ్యంగా వాళ్ల అసిస్టెంట్ల దగ్గరకీ వెళ్లేది ఒక టేబుల్ పట్టుకుని. ఎడమవైపు కమిషన్ రాసిన వాక్యం, కుడివైపు మేం కోరే వాక్యం, కింద ఎందుకో మూడు లైన్లు. ఎంపీకి నచ్చితే అదే సవరణగా పెట్టేస్తారు. అందుకే లాయర్లకి అక్కడ అంత విలువ, అన్యాయం జరిగిందని చాలామంది చెప్తారు, ఏ ఆర్టికల్‌లో ఏ మాట మారిస్తే అది ఆగుతుందో రాసిచ్చేవాళ్లు తక్కువ.

కష్టమైంది కౌన్సిల్. అక్కడ దేశాల ప్రతినిధులు మూసిన గదుల్లో మాట్లాడుకుంటారు, కాబట్టి బ్రస్సెల్స్‌లో తిరిగితే సరిపోదు, బెర్లిన్‌లో పారిస్‌లో రోమ్‌లో ఉన్న మంత్రిత్వ శాఖల్ని అక్కడి లోకల్ గ్రూపుల ద్వారా పట్టుకోవాలి. అందుకే వీళ్లంతా కూటములుగా పనిచేస్తారు, ఆమ్నెస్టీకీ హ్యూమన్ రైట్స్ వాచ్‌కీ బ్రస్సెల్స్‌లో సొంత ఆఫీసులున్నా ఉమ్మడి లేఖలు మీద లేఖలు వెళ్తూనే ఉంటాయి.

ఒక ఉదాహరణ చెప్తా, మీ పనికి దగ్గరగా ఉంటుంది. 2012 సెప్టెంబర్‌లో కరాచీలో ఒక బట్టల ఫ్యాక్టరీ కాలిపోయింది, 250 మందికి పైగా చనిపోయారు. అక్కడ బట్టలు కుట్టించుకునేది జర్మనీకి చెందిన కిక్ అనే కంపెనీ. చనిపోయినవాళ్ల కుటుంబాల తరఫున బెర్లిన్‌లోని ఈసీసీహెచ్ఆర్ అనే లీగల్ గ్రూపు సపోర్టుతో డార్ట్‌మండ్ కోర్టులో కేసు వేశారు. 2019లో కోర్టు కొట్టేసింది, తప్పెవరిదో తేల్చకుండానే, పాకిస్తాన్ చట్టం ప్రకారం గడువు దాటిపోయిందని. మన లాయర్లకి ఈ బాధ ఎలాంటిదో తెలుసు కదా, లిమిటేషన్ మీద పోయిన కేసు. కానీ ఆ ఓటమి బ్రస్సెల్స్‌లో వాదనగా మారింది. ఇలాంటి కేసుల్ని చూపించే, బాధితులు ఎక్కడివాళ్లయినా సరే గడువు చాలినంత ఉండాలి, యూరప్ కోర్టులో కంపెనీ మీద దావా వేసే హక్కు ఉండాలి అని గ్రూపులు ఏళ్ల తరబడి పోరాడాయి. 2024లో డ్యూ డిలిజెన్స్ డైరెక్టివ్ వచ్చింది, అంటే పెద్ద కంపెనీలు తమకి సరుకు చేసిచ్చేవాళ్ల దగ్గర కూడా హక్కుల ఉల్లంఘన లేకుండా చూసుకోవాలనే ఈయూ చట్టం, దాంట్లో దావాకి కనీసం ఐదేళ్ల గడువు ఉండాలని రాశారు. పార్లమెంటు దాన్ని ఆమోదించింది 2024 ఏప్రిల్ 24న, బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయి సరిగ్గా పదకొండేళ్లయిన రోజు. 374 మంది అనుకూలం, 235 మంది వ్యతిరేకం.

తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి. ఏడాది తిరక్కుండానే 2025 ఫిబ్రవరిలో కమిషన్ ఆమ్నిబస్ పేరుతో దాన్ని కోసే ప్రతిపాదన పెట్టింది, పరిశ్రమ లాబీ మనకన్నా ఎన్నో రెట్లు పెద్దది. డిసెంబర్‌లో కుదిరిన ఒప్పందంతో 5,000 మంది ఉద్యోగులు, 150 కోట్ల యూరోల టర్నోవర్ దాటిన కంపెనీలకే పరిమితం చేశారు, ఈయూ అంతటికీ ఒకేలా ఉండాల్సిన దావా హక్కు నిబంధన తీసేశారు. గ్రూపులు ఊరుకోలేదు. సరైన సంప్రదింపులు లేకుండా హడావిడిగా తెచ్చారని ఎనిమిది సంస్థలు కలిసి, ఈయూ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే యూరోపియన్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేస్తే, కమిషన్ పద్ధతి సరిగ్గా లేదని 2025 నవంబర్‌లో అంబుడ్స్‌మన్ తేల్చింది. దాంతో చట్టం వెనక్కి రాలేదు, కానీ అది రికార్డులో ఉంది, మళ్లీ ఎవరైనా అలా చేయబోతే వాడుకోవచ్చు.

పోర్ట్‌రోడ్_రాజు:

బ్రో చాలా బాగా రాశారు, కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది, చెప్పకపోతే మనసొప్పదు. మా బాబాయ్ వాళ్లు భీమవరం దగ్గర చెరువులు చేస్తారు, నేను ఇక్కడ పోర్టు లాజిస్టిక్స్‌లో ఉన్నా. 2025లో అమెరికా సుంకం 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు రేటు పడి రైతులు ఎంత ఏడ్చారో చూశాం. ఇప్పుడు యూరప్ మార్కెట్ మీదే ఆశ పెట్టుకుంటుంటే మనమే వెళ్లి అక్కడ కంప్లైంట్ చేస్తే ముందు దెబ్బ తినేది ఎవరు? యాంటీబయాటిక్స్ పేరుతో ఇప్పటికే మన సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లు ఆపి టెస్టులు చేస్తున్నారు. ప్లాంటు మూస్తే ఆ ఆడవాళ్లకే పని పోతుంది.

ఇంకోటి, బయటివాళ్లు మన విషయాల్లో తీర్మానాలు చేయడం నాకు నచ్చదు. 2023 జులైలో మణిపూర్ మీద యూరప్ పార్లమెంటు తీర్మానం చేస్తే మన విదేశాంగ శాఖ అది వలసవాద ఆలోచన అని గట్టిగానే అంది. దానివల్ల మణిపూర్‌లో ఏం మారింది?

పైగా 2022 డిసెంబర్‌లో కతార్‌గేట్ అని యూరప్ పార్లమెంటు లంచాల కుంభకోణంలో డబ్బు సంచులు దొరికాయి కదా, దాంట్లో ఒక హక్కుల సంస్థ పేరే ఉంది. అందర్నీ నమ్మాలా?

సబ్బవరం_బ్యాచ్:

రాజు గారూ మీ భయం న్యాయమైందే. కతార్‌గేట్‌లో బయటపడ్డ ఫైట్ ఇంప్యూనిటీ అనే సంస్థని పెట్టింది ఒక మాజీ ఎంపీ, అది లాబీయింగ్ చేసేవాళ్లు పేరు నమోదు చేసుకునే ఈయూ ట్రాన్స్‌పరెన్సీ రిజిస్టర్‌లో కూడా లేదు. ఆ రిజిస్టర్‌లో కార్పొరేట్లతో పాటు నిజమైన గ్రూపులు కూడా తమ నిధులు ఎక్కడివో, ఏ ఫైలు మీద పనిచేస్తున్నాయో రాయాలి, ఎవరైనా తెరిచి చూడొచ్చు. కాబట్టి ఏ సంస్థయినా మిమ్మల్ని సంప్రదిస్తే ముందు అక్కడ దాని పేరు వెతకండి.

తీర్మానాల గురించి మీతో సగం ఒప్పుకుంటా. ఆ అర్జెన్సీ తీర్మానాలకి చట్టబద్ధత లేదు, పేపర్లో వస్తుంది, అంతవరకే. 2020 జనవరిలో సీఏఏ మీద చర్చ పెట్టి ఓటింగ్ మార్చికి వాయిదా వేశారు, అది జరగనే లేదు. జైల్లో ఉన్న ఒక మనిషి పేరు అందరి నోటా పడితే అతనికి కొంత రక్షణ దొరుకుతుంది, వాటి ఉపయోగం అలాంటి చోట. కూలీల విషయంలో నేను తీర్మానాల జోలికే వెళ్లను.

ప్లాంటు మూతపడాలని ఎవరూ కోరట్లేదండి. 2024లో వచ్చిన ఫోర్స్‌డ్ లేబర్ రెగ్యులేషన్ 2027 డిసెంబర్ 14 నుంచి అమలవుతుంది. బలవంతపు చాకిరీతో చేసిన ఏ సరుకూ ఈయూలో అమ్మకూడదు, ప్రపంచంలో ఎవరైనా సమాచారం పంపొచ్చు, ఈయూ బయట జరిగినట్టు అనుమానం ఉంటే దర్యాప్తు కమిషనే చేస్తుంది. మీరన్న సమస్య అక్కడి గ్రూపులకీ తెలుసు, అందుకే నిషేధం ఒక్కటే కాదు, కూలీలకి నష్టపరిహారం కూడా ఇప్పించాలని చట్టం తయారయ్యేటప్పుడు గట్టిగా అడిగారు. అడిగినంత దొరకలేదు. మనం ఏం కోరుతున్నామో మనం చెప్పకపోతే మన తరఫున ఇంకెవరో వాళ్లకి తోచింది కోరతారు.

గాజువాక_యూనియన్_అక్క:

నేను చాలాకాలంగా కాంట్రాక్ట్ లేబర్ యూనియన్‌లో తిరుగుతున్న మనిషిని, ఈ ఇంగ్లీషు పేర్లన్నీ నాకు తెలీవు గానీ ఒక విషయం చెప్తాను బాబూ.

బయటనుంచి రిపోర్టు రాసేవాళ్లు వస్తారు, ఆడపిల్లలతో మాట్లాడతారు, ఫోటోలు తీస్తారు, వెళ్లిపోతారు. ఆ తర్వాత సూపర్‌వైజర్ వచ్చి ఎవరు మాట్లాడారేటి అని అడుగుతాడు. ఒకసారి ఇలాగే అయ్యింది, ఏ ప్లాంటో చెప్పను, ముఖం కనిపించకపోయినా చేతి మీద పచ్చబొట్టు చూసి పట్టేశారు. ఆ అమ్మాయికి ఆ రోజునుంచి పని లేదు, హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారు, సామాను పట్టుకుని మా యూనియన్ ఆఫీసుకే వచ్చింది. ఆ రిపోర్టు రాసినవాళ్లకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇది నేనెప్పుడూ మర్చిపోలేను.

కాబట్టి ఎవరితో పనిచేసినా సరే మొదట వాళ్లని అడగాల్సింది ఇదీ: మా అమ్మాయికి రేపు పని పోతే మీరేం చేస్తారు? కాగితం మీద రాసిస్తారా? మా పిల్లలు వద్దంటే ఆ మాటలు వెనక్కి తీసేస్తారా? రాజు బాబు అన్నట్టు పని పోతుందన్న భయం నిజమే, కానీ పని ఉండాలి కాబట్టి బాకీ పేరుతో మనిషిని గేటు లోపల పెట్టుకోవచ్చు అంటే మాత్రం నేను ఒప్పుకోను. మన దేశంలోనే 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది, దాని కింద కలెక్టర్ గారికి అర్జీ పెట్టే దారి ఉంది. అది పెట్టారా లేదా?

వైజాగ్_జూనియర్:

అక్కా, ఇద్దరి విషయంలో పెట్టాం, ఎంక్వైరీ నడుస్తోంది. మీరు అడిగిన మూడు ప్రశ్నలూ రాసుకున్నా, నిజంగా నాకు తట్టలేదు అవి.

సబ్బవరం అన్నా, మరి మేమే నేరుగా ఆ అంబుడ్స్‌మన్‌కో పార్లమెంటుకో పిటిషన్ పెట్టొచ్చా? వాళ్లు మాకు ఖర్చులకి డబ్బు పంపిస్తామంటే తీసుకోవచ్చా?

సబ్బవరం_బ్యాచ్:

తమ్ముడూ, అంబుడ్స్‌మన్‌కీ పార్లమెంటు పిటిషన్లకీ ఈయూ పౌరులు, అక్కడ నివసించేవాళ్లు, అక్కడ రిజిస్టరైన సంస్థలు మాత్రమే వెళ్లగలరు. అందుకే అక్కడ ఒక పార్ట్‌నర్ కావాలి. కన్సల్టేషన్లకి మాత్రం మీరే పంపొచ్చు. ఇంకో దారి, ఈయూకీ ఇండియాకీ మధ్య మానవ హక్కుల డైలాగ్ అని జరుగుతుంది, 2013 తర్వాత ఆగిపోయి 2021లో మళ్లీ మొదలైంది, 2025 జనవరిలో ఢిల్లీలో జరిగింది. దానికి ముందు గ్రూపులు నోట్స్ పంపుతాయి, ఢిల్లీలో ఈయూ డెలిగేషన్ ఆఫీసుంది, రెండు పేజీల నోట్ అయితే చదువుతారు, నలభై పేజీలు పంపితే పక్కన పెడతారు.

డబ్బు దగ్గర చాలా జాగ్రత్త. మీ సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకపోతే విదేశీ సంస్థ నుంచి ఒక్క రూపాయి కూడా వద్దు, ఉన్నా 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి. ఫ్రెండ్ అకౌంట్‌కి వేయిస్తాం లాంటి మాటలు ఎవరన్నా చెప్తే ఆ మనిషితో పనే వద్దు. సమాచారం పంచుకోవడం వేరు, డబ్బు తీసుకోవడం వేరు, ఈ రెండూ కలపకండి.

ఇప్పుడు చేయగలిగింది, ప్రతి మనిషికీ తేదీలవారీగా ఒక పేజీ. అడ్వాన్స్ ఎప్పుడు ఎంత ఇచ్చారు, జీతంలో ఎంత కోశారు, ఊరెళ్తానని అడిగితే ఎవరు ఏమన్నారు, ఐడీ కార్డు ఎవరి దగ్గరుంది. బలవంతపు చాకిరీని గుర్తించడానికి ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వాళ్లవి 11 సూచికలున్నాయి, ఏ సంఘటన దేని కిందకి వస్తుందో పక్కన రాయండి, అక్కడి అధికారులు దర్యాప్తులో చూసేవి కూడా అవే. కార్టన్ మీద కొనుగోలుదారు పేరు, లాట్ నంబర్ కనిపిస్తే రాసుకోండి, ఎందుకంటే సరుకు ఈయూకి వెళ్తోందని చూపించలేకపోతే ఆ రెగ్యులేషన్ వర్తించదు.

పోర్ట్‌రోడ్_రాజు:

సరే, కార్టన్ సంగతి నాకు తెలిసిన పనే. లోపల ఫోటోలు తీయించకండి, అక్క చెప్పినట్టు పిల్లలకి రిస్కు. ఏ ప్లాంటుకి ఈయూ పర్మిషన్ ఉందో అప్రూవల్ నంబర్లతో సహా ఈయూ సైట్‌లోనే లిస్టు ఉంటుంది, రాష్ట్రంవారీగా వెతుక్కోవచ్చు. అది చాలదా మొదలుపెట్టడానికి?

గాజువాక_యూనియన్_అక్క:

చాలు బాబూ. జూనియర్ గారూ, ఆదివారం హాఫ్‌డే ఉన్న పిల్లల్ని మా ఆఫీసుకి తీసుకొస్తాను, మీరు పేపర్లు పట్టుకురండి, వాళ్లతో మాట్లాడటానికి ఒడియా కూడా వచ్చినవాళ్లు ఎవరన్నా ఉంటే వెంట తీసుకురండి. ముందు అంతా చదివి వినిపించాలి, ఒప్పుకున్నవాళ్ల పేరే రాయాలి.