పిల్ల గుర్రం గొంతు కింద గడ్డ: ముందు సూదా, స్కానా?

వాల్తేరు మురళి:
బీచ్ రోడ్డులో గుర్రాలు తిప్పే మా బాబాయి దగ్గర ఏడాది వయసు ఆడ గుర్రప్పిల్ల ఉంది. గొంతు కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. ట్యూమరేనని అక్కడందరూ తేల్చేశారు. ఒక డాక్టరు గారు వెంటనే సూదితో శాంపిల్ తీద్దామంటున్నారు. ఇంకొకరు అల్ట్రాసౌండ్ స్కాన్ చేయకుండా ముట్టుకోవద్దంటున్నారు. బాబాయికి ఒకటే టెన్షన్. ఎవరి మాట వినాలి?

గరివిడి సీనియర్:
ఈ వయసులో ట్యూమర్ నా లిస్టులో ఆఖర్న ఉంటుంది. లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, చిన్న గుర్రాలకూ వస్తుంది, కాదనను. కానీ థైరాయిడ్ ట్యూమర్లు ఎక్కువగా ముసలి గుర్రాల్లో, మెలనోమా అనే నల్ల చర్మపు గడ్డలు వయసు మళ్లిన తెల్ల గుర్రాల్లో చూస్తాం.

ముందు గడ్డ సరిగ్గా ఎక్కడుందో చెప్పండి. దవడ ఎముకల మధ్య అయితే మొదటి అనుమానం స్ట్రాంగిల్స్. అది స్ట్రెప్టోకాకస్ ఈక్వై బ్యాక్టీరియా వల్ల లింఫ్ గ్రంథుల్లో చీము పట్టే అంటురోగం. చెవి కింద మెత్తగా, నొప్పి లేకుండా ఉబ్బితే గట్టరల్ పౌచ్‌లో, అంటే గుర్రాలకు చెవి కింద లోపల ఉండే సంచిలో, గాలి నిండి ఉండొచ్చు. ఆడ గుర్రప్పిల్లల్లోనే అది ఎక్కువ. దానికి సూది పెట్టి ఏం తీస్తారు, గాలా? మెడ పక్కన ఈమధ్య ఇంజక్షన్ చేసి ఉంటే ఆ చోటే చీము పట్టి ఉండొచ్చు.

అక్కడే కెరోటిడ్ ధమని, జుగులర్ సిర ఉన్నాయి. గుడ్డిగా పొడవకూడదు. లోపల చీమా, గాలా, గట్టి కండా అన్నది స్కాన్‌లో తెలుస్తుంది. గేదెల చూడి పరీక్షకు వాడే స్కాన్ మెషీన్, దాని లీనియర్ ప్రోబ్ (ఒంటికి ఆనించే భాగం) చాలు.

సింహాచలం కుర్రోడు:
సీనియర్ గారూ, ఆ మెషీన్ ఖాళీ అయ్యేదాకా గడ్డ ఆగుతుందా? దవడ కింద, చర్మానికి ఆనుకుని ఉన్న గడ్డకు సన్న సూది పెట్టడం నిమిషాల పని. చీము వస్తే ఏ క్రిమో తేల్చే కల్చర్, పీసీఆర్ పరీక్షలకి పంపొచ్చు. కణాలు వస్తే స్లైడు మీద చూడొచ్చు. స్కాన్ ఎంత బాగా చేసినా క్రిమి పేరు చెప్పదు.

గరివిడి సీనియర్:
స్లైడు కూడా అన్నీ చెప్పదు బాబూ. ఇన్ఫెక్షన్‌కి వాచిన గ్రంథికీ లింఫోమాకీ తేడా సూదితో చాలాసార్లు తేలదు. అప్పుడు ముక్క తీసి బయాప్సీకి పంపాల్సిందే. అయినా దవడ కింద గడ్డ వరకు మీతో పెద్ద పేచీ లేదు. చెవి కింద అయితే మాత్రం ఒప్పుకోను.

మధురవాడ రాణి:
సూది పట్టేవాళ్లు గ్లవ్స్ వేసుకోండి. గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగంలోనూ గ్రంథులు వాస్తాయి, అది మనుషులకూ అంటుతుంది. అనుమానం వస్తే పశుసంవర్ధక శాఖకు చెప్పి తీరాలి. రక్త నమూనా నిర్ధారణకు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్తుంది.

వాల్తేరు మురళి:
గడ్డ దవడ ఎముకల మధ్యే ఉందండీ. పొద్దున జ్వరం 103 ఉంది. పక్కన కట్టే గుర్రానికి కూడా ముక్కు కారుతోంది.

సింహాచలం కుర్రోడు:
ఇంకా స్కాన్ అంటారా? ఈరోజే సూది పెట్టించండి.

గరివిడి సీనియర్:
పెట్టించండి, ఆ పక్క గుర్రం ముక్కు నుంచి కూడా శాంపిల్ తీయించండి. పెన్సిలిన్ మాత్రం డాక్టరు చూడకుండా మొదలెట్టొద్దు. అది ఇస్తే గడ్డ పండకుండా నానుతుందని కొందరు, తొలి జ్వరంలోనే ఇవ్వాలని కొందరు అంటారు, అది వేరే తగువు. శాంపిల్ కంటే ముందు ఆ రెండింటినీ సవారీ మాన్పించి విడిగా కట్టండి. బీచ్‌లో గుర్రాలన్నీ ఒకే బకెట్‌లో నీళ్లు తాగుతాయి, ఆ బకెట్ కూడా మార్చండి.