పాత పెట్రోల్ ఇంజిన్‌కి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయాలా, 5డబ్ల్యూ-30 పోయాలా?

ప్రశ్న:
1980ల నాటి కార్బ్యురేటర్ ఇంజిన్, ఫ్లాట్ ట్యాపెట్లు (వాల్వుల్ని తెరిచే క్యామ్ మీద నేరుగా రాసుకునే చదును ముక్కలు). మాన్యువల్లో 20డబ్ల్యూ-50 అని ఉంది. ఈసారి 5డబ్ల్యూ-30 ఫుల్లీ సింథటిక్ పోస్తే, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ లైట్ మిణుకుమంటోంది. 1000 కిలోమీటర్లకి అర లీటరు ఆయిల్ తాగుతోంది కూడా. ఏకంగా 60 గ్రేడ్ పోస్తే తాగడం తగ్గుతుందా?

జవాబు 1:
ముందు మాన్యువల్లో ఉన్నదే పోయండి. గ్రేడ్‌లో చివరి అంకె వేడి మీద చిక్కదనాన్ని చెబుతుంది: 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలమానం) లోపు. 50 గ్రేడ్‌ది 16.3 నుంచి 21.9 లోపు. మీ బేరింగుల సందులు 50ని లెక్కలో పెట్టుకుని ఇచ్చినవి, పైగా ఇన్నేళ్లకు అరిగి పెరిగుంటాయి. పలచటి ఆయిల్ వాటిలోంచి త్వరగా జారిపోతుంది, ప్రెషర్ నిలవదు.

మార్చాక కూడా మిణుకుమంటే బండి నడపొద్దు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి, అదే చోట మెకానికల్ గేజ్ బిగించి వేడి మీద చూడండి. మాన్యువల్లో చెప్పినంత ప్రెషర్ ఉంటే పోయింది స్విచ్చే. లేదంటే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించాల్సిందే: మొదట స్ట్రెయినర్‌లో (ఆయిల్ జల్లెడలో) మడ్డి, తర్వాత బేరింగులు, పంపు.

జవాబు 2:
గ్రేడ్ ఒక్కటే చూస్తే చాలదు. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌ని అరగకుండా కాపాడేది జడ్‌డీడీపీ, అంటే జింక్, ఫాస్ఫరస్ ఉన్న సంకలితం. ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుందని, 2004లో వచ్చిన ఏపీఐ ఎస్‌ఎం అనే ఆయిల్ ప్రమాణం, 5డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడ్లకి దాన్ని 0.08 శాతానికి (800 పీపీఎం, అంటే పది లక్షల్లో 800 భాగాలు) కట్టడి చేసింది. 20డబ్ల్యూ-50కి ఆ హద్దు లేదు. అలాగని అన్నింట్లోనూ ఎక్కువుంటుందనీ కాదు. డేటా షీట్‌లో ఫాస్ఫరస్ 1000–1200 పీపీఎం ఉన్నది ఎంచుకోండి. విడిగా జింక్ సీసా కలపడం దండగ, మోతాదు మించినా చేటే.

జవాబు 3:
60 గ్రేడ్ వద్దు. చల్లటి ఇంజిన్‌లో క్యామ్ దాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది, అరుగుదల ఎక్కువ జరిగేది అప్పుడే. ఇంతకీ నీలం పొగ ఎప్పుడు వస్తోంది? లోడు మీద వస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు. కంప్రెషన్ చూసి, ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ వేసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులే.

ప్రశ్న అడిగినవారు:
పొద్దున స్టార్ట్ చేసినప్పుడే, ఒక గుప్పు. తర్వాత లేదు.

జవాబు 3:
అయితే వాల్వ్ సీళ్లు (వాల్వు కాడల వెంట ఆయిల్ లోపలికి దిగకుండా ఆపేవి) గట్టిపడ్డాయి. ఏ ఆయిల్ పోసినా అది ఆగదు. హెడ్ దించకుండానే చాలా ఇంజిన్లలో మార్చొచ్చు: పిస్టన్‌ని పైకి తెచ్చి, క్రాంక్ తిరగకుండా ఆపి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి ప్రెషర్ పెడితే వాల్వులు లోపలికి జారవు. అప్పటిదాకా 500 కిలోమీటర్లకోసారి డిప్‌స్టిక్ చూస్తూ తగ్గినంత పోసుకోండి, గరిష్ఠ గీత దాటకుండా.